ఇల్లు మునిగేలోపే దారి మునుగుతుంది: గోదావరి లంకకు అచ్చు పటం తయారుచేసిన కేస్ స్టడీ

2022 జులై వరద తీసిన మూడు వారాల తర్వాత నేను మొదటిసారి కోనసీమలోని ఒక లంకలోకి, అంటే నది తెచ్చిన ఒండ్రు మీద ఏర్పడ్డ ఊళ్లోకి, వెళ్లాను. ఇళ్ల గోడల మీద బురద గీతలు ఇంకా చెరిగిపోలేదు. అరటి తోటలు నేలకు ఒరిగి కుళ్లుతున్నాయి. ఎవరి ఇంటికి వెళ్లినా నేను అడిగింది ఒకటే: ఎప్పుడు బయలుదేరారు, అప్పుడే ఎందుకు బయలుదేరారు? దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు. వాకిట్లోకి నీళ్లు వచ్చాక బయలుదేరారు. అప్పటికే లంకను ఏటిగట్టుతో కలిపే కాజ్‌వే మీద నీరు మొలలోతు దాటింది. పిల్లలను, వృద్ధులను పడవల మీద దాటించాల్సి వచ్చింది, ఆ పడవలు చాలక కొన్ని కుటుంబాలు ఒక రాత్రంతా డాబాల మీద గడిపాయి. ప్రాణనష్టం జరగకపోవడం పడవవాళ్ల నేర్పు వల్లే జరిగింది.

ఆ ఊరివాళ్లకు వరద కొత్త కాదు, గోదావరి గుణం నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. అయినా ఇంటి ముందు నీటిని చూసి నిర్ణయం తీసుకోవడం అక్కడ అలవాటుగా మారింది. ఇల్లు మెరక మీద కట్టుకున్నారు, దారి మాత్రం పల్లంలో ఉంది. ఇల్లు మునగడానికి ఎన్నో గంటల ముందే దారి మునుగుతుంది. ఆ గంటలను కాగితం మీద చూపించాలని మేము పని మొదలుపెట్టాం. నాతో పాటు ఊరి యువకులు కొందరు, ఒక ఉపాధ్యాయురాలు, ఒక తాపీమేస్త్రి, ఇద్దరు పడవవాళ్లు ఈ పనిలో ఉన్నారు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అందుకు కారణం ముందు ముందు వస్తుంది.

లంక, లెక్క

ధవళేశ్వరం బ్యారేజీ దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కోనసీమ ఊళ్లలో చాలావాటికి ఏటిగట్టు రక్షణ ఉంటుంది. లంకలు మాత్రం గట్టుకు లోపలి వైపున, నది నడిమధ్యనో ఒడ్డునో, నది తెచ్చిన ఒండ్రు మీదే ఏర్పడ్డాయి. ఆ ఒండ్రే అరటికీ కూరగాయలకూ బలం. ఆ నేలను ఇచ్చిన నదే ఏటా దాని మీదికి వస్తుంది. మేము పనిచేసిన లంక పొడవు సుమారు 1.8 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా ఒక కిలోమీటరు మించదు. బయటికి రెండే దారులు ఉన్నాయి: ఒకవైపు కాజ్‌వే, ఇంకోవైపు పడవల రేవు.

ప్రభుత్వ హెచ్చరికలు ఈ ఊరికి అందకపోవడం లేదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండో హెచ్చరిక, 17.75 అడుగులకు మూడో హెచ్చరిక జారీ అవుతాయి. ఎగువన భద్రాచలంలో ఆ మట్టాలు 43, 48, 53 అడుగులు. టీవీలో ఈ అంకెలు గంట గంటకూ వస్తాయి, ఫోన్లలో సందేశాలు తిరుగుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు వచ్చిందనీ, 2022 జులై 16న 71.3 అడుగులకు చేరిందనీ ఆ ఊళ్లో పిల్లలు కూడా చెబుతారు. అయితే ధవళేశ్వరంలో 13.75 ఉన్నప్పుడు తమ కాజ్‌వే మీద నీరు ఎంత ఉంటుందో కచ్చితంగా చెప్పగలిగినవారు ఇద్దరు పడవవాళ్లు మాత్రమే. ఆ ఇద్దరి తలల్లో ఉన్న లెక్కను ఊరందరి చేతుల్లోకి తేవడం ఎలాగన్నదే అసలు సమస్య.

కాగితం ఎందుకన్న ప్రశ్న మొదటి సమావేశంలోనే వచ్చింది. ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండగా అచ్చు పటం పాత పద్ధతి అనిపించడం సహజం. 2022లో వరద లంకను ముంచెత్తక ముందే కరెంటు తీసేశారు, రెండో రోజుకు ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, టవర్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. దానికంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఫోన్ పటాన్ని ఒక్కరు చూస్తారు. గోడ మీది పటం ముందు పదిమంది నిలబడి వాదించుకుంటారు, ఆ వాదనలోనే ఎవరు ఎటు వెళ్లాలో తేలుతుంది.

కొబ్బరి చెట్లు చెప్పిన అబద్ధం

నేను చేసిన మొదటి తప్పు చెప్పకుండా ఈ పని గురించి రాయడం కుదరదు. లంకలోకి వెళ్లకముందే ఇంటి దగ్గర కూర్చుని, ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల సమాచారంతో ఒక ముంపు పటం గీశాను. అందులో లంక మధ్యభాగమంతా చక్కటి మెరకగా కనిపించింది. ఊళ్లో ఆ పటం పరిచినప్పుడు ఒక పెద్దాయన చాలాసేపు చూసి, మెరక అని నేను రంగు వేసిన చోటే ముందుగా నీళ్లు నిలుస్తాయని చెప్పారు. అది దట్టమైన కొబ్బరి తోట. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఆ ఎత్తులు, చెట్లు ఉన్నచోట నేల మట్టాన్ని కాకుండా చెట్ల తలల దరిదాపు మట్టాన్ని చూపుతాయి. ఆ సమాచారంలో ఒక్కో చుక్క సుమారు 30 మీటర్ల చదరానికి ఒక్కటే అంకె ఇస్తుంది, దాని పొరపాటు కూడా మీటర్లలోనే ఉంటుంది. ఒక అడుగు తేడాతో ఇల్లు మునగడమో మిగలడమో తేలే లంకలో అది పనికి రాదు. కోనసీమలో ఎవరు ఇలాంటి పటం గీసినా ముందుగా ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి: పై నుంచి చూస్తే ఇక్కడ తోటలన్నీ గుట్టలే.

రెండో తప్పు కూడా పై నుంచి చూడటం వల్లే వచ్చింది. నేను వాడిన ఉపగ్రహ చిత్రం ఎండాకాలంలో తీసింది. అప్పుడు పాయ ఎండి, ఇసుక మీద ట్రాక్టర్లు నడిచిన జాడలు తెల్లటి రోడ్డులా కనిపించాయి, నేను దాన్ని మూడో దారిగా గీశాను. వరద ఎర్రనీరు రాగానే మాయమయ్యే ఆ దారిని నమ్మి ఒక్కరు అటు వెళ్లినా ఆ పటం ప్రాణం తీసేది. ఇళ్ల విషయంలోనూ అంతే. కొబ్బరి మట్టల కింద ఉన్న పాకలు, మకాంలు (పశువులను కట్టేసే చోట్లు) చిత్రంలో కనిపించవు, పేదవారి ఇళ్లే ఎక్కువగా అలా మరుగున ఉన్నాయి. ఆ పటం పక్కన పడేసి, ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అప్పటికి ఉన్న నది అంచులనూ రోడ్డునూ మాత్రమే ఆధారంగా ఉంచుకుని, మిగతాదంతా నడిచి గీయాలని నిర్ణయించుకున్నాం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం భౌగోళిక సమాచారంపై ఆంక్షలు సడలించాక ఇలాంటి పనికి ఉన్న సందేహాలు చాలావరకు తొలగిపోయాయి.

ముగ్గుతో మొదలు

నడక ప్రారంభించే ముందు రామాలయం ఎదుట ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో ఊరిని గీయమని అడిగాం. గ్రామాభివృద్ధి పనుల్లో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతే. మగవాళ్లు ముందు రోడ్డు గీశారు, తర్వాత నది, తర్వాత తోటల హద్దులు. సాయంత్రం ఆడవాళ్లను విడిగా పిలిచి గీయమన్నప్పుడు మొదట చేతిపంపులు, తర్వాత నీటి రేవు, అంగన్‌వాడీ, పాలకేంద్రం వచ్చాయి. రోడ్డు గీయడానికి వాళ్లు తొందరపడలేదు. వాళ్లు గీసిన వాటిలో రెండు పుంతలు మగవాళ్ల ముగ్గులో లేవు. తోటల మధ్య నుంచి గడ్డికీ కట్టెలకూ వెళ్లే సన్నటి దారులు అవి. వాటిలో ఒకటి ప్రధాన రోడ్డుకంటే మోకాలి ఎత్తు మెరకగా ఉందని తర్వాత కొలిచినప్పుడు తేలింది. వరద సమయంలో రేవుకు చేరడానికి చివరివరకూ మిగిలే దారి అదే. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి ఉండకపోతే ఆ పుంత పటంలోకి వచ్చేది కాదు.

ముగ్గు పటాన్ని ఫోటో తీసుకుని, ఆ మర్నాటి నుంచి గళ్లు కొట్టిన కాగితాలతో నడిచాం. ఇద్దరిద్దరుగా జట్టు కట్టి, ఒకరు ఫోన్‌లో దారి నమోదు చేస్తుంటే ఇంకొకరు కాగితం మీద పెన్సిల్‌తో రాశారు. అడగవలసిన వివరాలు నాలుగే పెట్టుకున్నాం: డాబా ఉందా, నీటి గుర్తు ఎంత ఎత్తున ఉంది, పశువులు ఉన్నాయా, ఇంటివాళ్లు ఏ దారిన బయటికి వెళ్లారు. మొదట నేను తయారుచేసిన ఫారంలో ఇరవైకి పైగా ప్రశ్నలు ఉండేవి. రెండు ఇళ్లు పూర్తయ్యేసరికే ఉపాధ్యాయురాలు దాన్ని చించి నాలుగుకు తగ్గించారు, ఆవిడ చేసింది సరైన పని.

నీటి గొట్టం

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది తాపీమేస్త్రి తెచ్చిన సన్నటి పారదర్శక గొట్టం. అందులో నీళ్లు నింపి రెండు చివరలు పైకెత్తి పట్టుకుంటే రెండువైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఇళ్లు కట్టేటప్పుడు గోడల మట్టం చూడటానికి మేస్త్రీలందరూ వాడేదే. ఫోన్ చూపే ఎత్తు మీటర్ల తేడాతో తప్పుతుంది, ఈ గొట్టం జాగ్రత్తగా వాడితే వేలెడు తేడా కూడా రాదు. బుడగలు లేకుండా చూసుకోవాలి, ఎండలో ఒకవైపు వేడెక్కకుండా చూసుకోవాలి, ప్రతి అంచెలోనూ అంకెను ఇద్దరు చదవాలి. అంతే.

రేవు దగ్గర సిమెంటు మెట్ల పై మెట్టును మూలబిందువుగా తీసుకున్నాం. అక్కడి నుంచి గొట్టంతో మట్టాన్ని అంచెలంచెలుగా కాజ్‌వేకు, బడికి, రామాలయం అరుగుకు, ప్రతి వీధి మొదటి ఇంటి గుమ్మానికి తీసుకువెళ్లాం. గోడల మీద 2022 నాటి బురద గీత ఉన్నందువల్ల ఇంకొక సరిచూపు దొరికింది. నిలిచిన నీరు దగ్గర దగ్గర ఇళ్లలో దాదాపు ఒకే మట్టంలో గీత వదులుతుంది, కాబట్టి గీత నుంచి నేల వరకు కొలిస్తే ఆ ఇంటి నేల ఎంత పల్లంలో ఉందో తెలుస్తుంది. గొట్టం లెక్క, గీత లెక్క కలవని చోట్ల మళ్లీ కొలిచాం. ఏ పని చేసినా వరద తీసిన కొద్ది వారాల్లోనే చేయాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. సంక్రాంతి వచ్చిందంటే గోడలకు సున్నం వేస్తారు, నది రాసిపోయిన రికార్డు దాంతో పోతుంది.

లోతును అడుగుల్లో, మీటర్లలో చెప్పమంటే మనుషులు తడబడతారు. టాంజానియాలోని దార్ ఎస్ సలాం నగరంలో 2015లో మొదలైన రమానీ హురియా అనే పటాల పనిలో కూడా వరద లోతును ఊరివాళ్ల జ్ఞాపకం నుంచే సేకరించారని నేను చదివాను. మన భాషలో దీనికి తయారుగా ఉన్న కొలబద్ద ఉంది: చీలమండ లోతు, మోకాటి లోతు, మొలలోతు, గుండె లోతు, పీకలోతు. మేము మొదటి నాలుగింటినే తీసుకుని, సగటు మనిషి ఎత్తుకు సరిపడా ఒక కర్ర మీద గుర్తులు పెట్టి, అందరూ ఒకే కర్రతో పోల్చి చెప్పేలా చూశాం. నీరు పారుతున్నప్పుడు మోకాటి లోతే ప్రమాదమని పడవవాళ్లు పట్టుబట్టారు. అందువల్ల పటంలో దారి మూసివేత గుర్తు మోకాటి లోతు దగ్గరే పడింది.

ఇక ధవళేశ్వరం అంకెను లంక నీటితో ముడిపెట్టడం మిగిలింది. పడవవాళ్ల జ్ఞాపకం, 2022 వరదప్పుడు యువకులు ఫోన్లలో తీసిన ఫోటోల సమయాలు, ఆ గంటల్లో ప్రకటించిన ధవళేశ్వరం మట్టాలు, ఈ మూడింటినీ పక్కపక్కన రాశాం. ఫోటోలో ఏ మెట్టు మునిగిందో కనిపిస్తుంది, ఎప్పుడు తీసిందో ఫోనే చెబుతుంది. ఈ సంబంధం స్థిరమైనది కాదు. సముద్రం పోటు మీద ఉంటే వరద తొందరగా దిగదు, పాయల మధ్య నీటి పంపకం ఏటికేడు మారుతుంది, బ్యారేజీ దగ్గర కనిపించిన మట్టం లంకకు చేరడానికి సమయం పడుతుంది. అందుకే పటంలో కచ్చితమైన అంకె రాయకుండా ప్రతి దారి పక్కనా రెండు గుర్తులు పెట్టాం: ధవళేశ్వరంలో ఏ హెచ్చరిక నాటికి ఈ దారి వదిలేయాలి, రేవులో ఏ మెట్టు మునిగితే ఈ దారి వదిలేయాలి. రెండింటిలో ఏది ముందు వస్తే దాన్నే పాటించాలి. మొదటిది టీవీలో వస్తుంది. రెండోది కళ్లతో చూసేది, కరెంటు లేకపోయినా చెప్పేది.

పశువులు

దారుల కొలతలు పూర్తయ్యాక కూడా మొగవాళ్లు ఆలస్యంగా బయలుదేరడానికి అసలు కారణం పటంలో లేదు. ఆ కారణం మకాంలో కట్టేసి ఉంటుంది. గేదెలను వదిలి వెళ్లరు. పడవలో వాటికి చోటు లేదు. కాజ్‌వే మునిగాక వాటిని తోలుకెళ్లే వీలు లేదు. అంటే మనుషులు బయలుదేరాల్సిన సమయం కంటే పశువులు బయలుదేరాల్సిన సమయం ముందే ఉంది, మా పటం దాన్ని చూపడం లేదు. ఈ విషయం ఒక పాడి రైతు భార్య చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ తర్వాత పటంలో పశువుల దారిని విడిగా గోధుమరంగు గీతతో గీశాం, గట్టు మీద మేత వేయగలిగిన మెరక స్థలాలను గుర్తించాం, మొదటి హెచ్చరిక వెలువడగానే పశువులు కదలాలని పెద్ద అక్షరాల్లో రాశాం. పటం వల్ల ఊళ్లో నిజంగా మారిన విషయం ఏదైనా ఉంటే అది ఇదే.

గీయడం, అచ్చు వేయడం

ఉత్తరం పైకి ఉండాలన్నది పటాలు గీసే నా వృత్తిలో ప్రశ్నించని నియమం. లంకలో ఎవరూ ఉత్తరం, దక్షిణం అనరు. ఎగువ, దిగువ, గట్టు వైపు, ఏటి వైపు అంటారు. ఉత్తరం పైకి పెట్టి అచ్చువేసిన నమూనాను ఇచ్చి, మీ ఇల్లు చూపించండి అని అడిగితే చాలామంది కాగితాన్ని తిప్పుకున్నారు. వాళ్లందరూ తిప్పుకున్న దిక్కు ఒకటే. ఎగువ ఎడమకు, దిగువ కుడికి, గట్టు పైకి వచ్చేలా. రెండో నమూనాను అలాగే తిప్పి గీశాం, ఉత్తరం గుర్తును మూలన చిన్నదిగా ఉంచాం. ఈసారి ఇల్లు వెతుక్కోవడానికి పట్టే సమయం స్పష్టంగా తగ్గింది.

స్కేలు ఎంచుకోవడం తేలికగానే కుదిరింది. 1:5000 స్కేలులో 1.8 కిలోమీటర్ల లంక 36 సెంటీమీటర్లు అవుతుంది, ఏ3 కాగితం పొడవు 42 సెంటీమీటర్లు. అదే పటాన్ని రెండింతలు పెంచితే 1:2500 స్కేలులో ఏ1 గోడపటం అవుతుంది, గళ్లు, గుర్తులు ఏవీ మార్చనక్కర్లేదు. ప్రతి గడి నేల మీద 200 మీటర్లు. గళ్లకు మొదట క, ఖ, గ, ఘ అని పెట్టాం. ఫోన్‌లో చెప్పి చూస్తే క, ఖ తేడా ఒక్కరికీ వినిపించలేదు, గాలి హోరులో అసలే వినిపించదు. అక్షరాలు తీసేసి అరటి, కొబ్బరి, చింత, తాడి, వేప అని చెట్ల పేర్లు పెట్టాం. పడవ ఎక్కడికి కావాలంటే ‘చింత ఆరు’ అంటే చాలు. ఆ ఒక్క మార్పు పిల్లలకు పటాన్ని ఆటగా మార్చింది, బడిలో ఉపాధ్యాయురాలు గడి పేరు చెప్పగానే పరిగెత్తి ఆ చోటికి చేరే పోటీ పెట్టారు.

తెలుగు అక్షరాలు పటం మీద తెచ్చే చిక్కుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు పాఠాలు చదివి పటాలు నేర్చుకున్నవారికి ఇవి ముందుగా తెలియవు. మేము వాడిన పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వంకర గీతల వెంట పేరు పేర్చినప్పుడు కొన్నిచోట్ల వత్తులు విడిపోయి పక్కకు జరిగాయి, కాబట్టి పుంతల పేర్లన్నీ అడ్డంగా, తిన్నగా రాశాం. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. సన్నటి ఫాంటు తెర మీద అందంగా ఉంటుంది, అచ్చులో విరుగుతుంది. మండలి ఫాంటు మాకు బాగా కుదిరింది. చివరగా, పట్టణంలోని చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పాత పద్ధతి ‘అను’ ఫాంట్లే వాడతారు. మేము ఇచ్చిన, కొత్త పద్ధతి యూనికోడ్ అక్షరాలున్న ఫైలును ఒక షాపులో తెరిచి మళ్లీ సర్దబోయారు, పేర్లలో సగం చదరాలుగా మారాయి, అవి అలాగే ఫ్లెక్సీ మీద అచ్చయి వచ్చాయి. ఆ తర్వాత అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చిన పీడీఎఫ్ తప్ప ఇంకేదీ బయటికి ఇవ్వలేదు, అచ్చుకు ముందు నమూనా కాగితం మీద ప్రతి పేరునూ ఊరి మనిషి ఒకరు చదివి సంతకం చేయాలన్న పద్ధతి పెట్టుకున్నాం.

రంగుల విషయంలో రెండు పరీక్షలు పెట్టాం. మొదటిది జెరాక్సు పరీక్ష. రంగు పటాన్ని నలుపు తెలుపులో తీసినా అర్థం కావాలి, ఎందుకంటే ఊళ్లోకి వెళ్లాక అది అలాగే పంచబడుతుంది. ముందు వేసిన ఎరుపు, ఆకుపచ్చ రెండూ జెరాక్సులో ఒకే బూడిద రంగుగా వచ్చాయి. రంగు గుర్తించడంలో లోపం ఉన్నవారికి కూడా ఆ రెండింటితోనే ఇబ్బంది. అందుకని మూసుకుపోయే దారులను రంగుతో పాటు గీత రూపంతోనూ వేరుచేశాం: మొదట మూసుకుపోయేది చుక్కల గీత, తర్వాతది తెగిన గీత, చివరివరకూ మిగిలేది దళసరి నిండు గీత. రెండోది టార్చిలైటు పరీక్ష. రాత్రి రామాలయం అరుగు మీద కరెంటు ఆర్పి, టార్చి వెలుగులో చదివించాం. లేత నీలం మీద తెల్ల అక్షరాలు పూర్తిగా కనిపించకుండా పోయాయి. లామినేషన్ చేసిన కాగితం టార్చికి ఎదురు మెరిసి కళ్లు చెదరగొట్టింది, మెరుపు లేని లామినేషన్ దొరికేవరకు వెతికాం. ఇంక్‌జెట్ అచ్చు ఒక్క తడికే కారిపోతుంది, లేజర్ అచ్చు నిలుస్తుంది. ఫ్లెక్సీ తేలిగ్గా వస్తుంది గానీ ఎండలో ఒక ఏడాదికే వెలిసిపోతుంది. బడి గోడ మీద పెయింటుతో వేయించిన పటమే ఇప్పటివరకూ బాగా నిలిచింది.

ఇళ్లకు పంచడానికి ఏ3 పటాన్ని ఏ4కు కుదించలేదు. కుదిస్తే పేర్లు చదవలేం. ఒక్కో పేటకు ఒక్కో ఏ4 విడిగా చేశాం. తమ పేట, తమ దారి, తమ రేవు, వెనుకవైపు వెంట తీసుకెళ్లాల్సిన కాగితాలు, మందుల జాబితా, 108, 112, 1070 అత్యవసర నంబర్లు. అంతకు మించి ఏమీ పెట్టలేదు.

పటంలో పెట్టనివి

మంచం పట్టిన వృద్ధులు, నిండు గర్భిణులు, ఒంటరి స్త్రీలు ఎక్కడ ఉన్నారో పడవవాళ్లకు తెలియాలి. అందుకోసం ఆ ఇళ్లను గుర్తుతో చూపాలని మొదట అనుకున్నాం. గోడ మీద వేసిన పటంలో ఒంటరి మహిళ ఇంటికి గుర్తు పెడితే అది వరద లేని మూడువందల రోజులూ అందరికీ కనిపిస్తుందని ఆశా కార్యకర్త హెచ్చరించారు. ఆ వివరాలను పటం నుంచి పూర్తిగా తీసేసి, గడి పేరుతో ఒక చేతిరాత జాబితాగా ఆమె దగ్గర, ఏఎన్‌ఎం దగ్గర మాత్రమే ఉంచాం. ప్రతి జూన్ మొదటి వారంలో దాన్ని కొత్తగా రాస్తారు, పాతది చించేస్తారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి కూడా దారులు, రేవులు, బడి, చేతిపంపులు మాత్రమే ఎక్కించాం. ఈ వ్యాసంలో ఊరి పేరు లేకపోవడానికీ ఇదే కారణం.

పేటల పేర్ల విషయంలో ఇంకా కష్టమైన చర్చ జరిగింది. వాడుకలో కొన్ని పేటలను కులం పేరుతోనే పిలుస్తారు. వాడుకలో ఉన్నదే పటంలో ఉండాలన్నది పటాల పనిలో మంచి సూత్రం. అయినా ఆ పేటలవాళ్లు తమ పేటకు ఏ పేరు కావాలో తామే చెప్పారు, మేము అదే అచ్చువేశాం. ఆశ్రయ స్థలాల గురించి మాట్లాడేటప్పుడు కూడా, ఫలానా భవనానికి వెళ్లమంటే అందరూ వెళతారా అని సూటిగా అడిగాం. వెళ్లడానికి జంకే కుటుంబాలు ఉన్నాయని తేలింది. అందరూ సమానంగా వెళ్లగలిగేది బడి ఒక్కటే. అందుకే దగ్గరలో వేరే డాబా ఉన్నా, పటంలో ఆశ్రయ స్థలంగా బడికే గుర్తు పెట్టాం.

వరద పెట్టిన పరీక్ష

2023 జూన్‌లో పటాలు ఊరికి చేరాయి. జులై ఆఖరులో ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక వెలువడింది. 2022తో పోలిస్తే అది చిన్న వరద, అయినా కాజ్‌వేను మూసేయడానికి చాలినంత వరద. మొదటి హెచ్చరిక నాడే పశువులలో ఎక్కువ భాగం గట్టు మీదికి చేరాయి. కాజ్‌వే మీద నీరు మోకాటి లోతుకు చేరినప్పుడు రేవులో మునిగిన మెట్టుకూ, పటంలో మేము రాసిన మెట్టుకూ ఒక్క మెట్టే తేడా వచ్చింది. మా అంచనా ముందుజాగ్రత్త వైపు ఉన్నందువల్ల నష్టం జరగలేదు.

ఒకచోట మాత్రం పటం తప్పింది. దిగువ పేటకు నది ఒడ్డు నుంచి నీరు రాకముందే, వెనుకనున్న తూము గుండా ఎదురునీరు వచ్చింది. మురుగు బయటికి పోవడానికి కట్టిన ఆ తూముకు తలుపు లేదు. మేము ఒడ్డు మట్టాలనే కొలిచాం గానీ తూముల అడుగు మట్టాలు కొలవలేదు. చివరివరకూ మిగులుతుందని దళసరి గీతతో చూపిన పుంతలో ఆ పేట మీదుగా వెళ్లే భాగం అన్నిటికంటే ముందు బురదలో కలిసింది. ఒక కుటుంబం పటాన్ని నమ్మి అటు వచ్చి వెనక్కి తిరగాల్సి వచ్చింది. రెండో ముద్రణలో తూములన్నిటినీ కొలిచి చేర్చాం, ఆ పుంత పక్కన హెచ్చరిక గుర్తు పెట్టాం. ఒడ్డు కంటే ముందు తూమును చూడాలని ఇప్పుడు ఎవరికైనా మొదటి మాటగా చెబుతాను.

ఫోన్ నంబర్ల విషయంలోనూ దెబ్బతిన్నాం. మొదటి ముద్రణలో ప్రతి పేటకు గ్రామ వాలంటీరు పేరు, నంబరు అచ్చువేశాం. 2024 తర్వాత ఆ వ్యవస్థ కొనసాగలేదు, గోడ మీద పేర్లు మాత్రం మిగిలాయి. ఇప్పుడు పటంలో మనుషుల పేర్లు అచ్చువేయడం లేదు. పడవ జట్టు, పశువుల జట్టు, బడి తాళం అని మూడు ఖాళీ గడులు ఉంటాయి, వాటిలో పేర్లను ప్రతి ఏరువాక నాటికి పెన్సిల్‌తో రాస్తారు.

తుపానును కూడా ఈ పటంలోనే చేర్చమని చాలామంది అడిగారు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన సంగతి అక్కడ ఎవరూ మరచిపోలేదు. నేను ఒప్పుకోలేదు. వరదకు రోజుల వ్యవధి ఉంటుంది, నీరు ఎగువ నుంచి వస్తుంది, తోటలో పుంత దారి చూపిస్తుంది. తుపానులో ఆ పుంతలోనే చెట్లు కూలుతాయి, ఉప్పెన దిగువ నుంచి వస్తుంది, బయటికి కదలకూడని గంటలు ఉంటాయి. ఒకే కాగితం మీద రెండింటినీ చూపితే, భయంలో ఉన్న మనిషి తప్పు గీతను పట్టుకునే ప్రమాదం ఉంది. తుపానుకు వేరే రంగు కాగితం మీద వేరే పటం తయారవుతోంది, అందులో పుంతలు అసలే ఉండవు.

ప్రస్తుతం మూడో ముద్రణ పనిలో ఉన్నాం. ఎగువ కొసన ఒడ్డు కోతకు గురై ఒక తోట దారి నదిలో కలిసింది, దాన్ని తీసేయాలి. రేవులో కింది మెట్లు మేటతో పూడిపోయాయి. మెట్లను కింది నుంచి లెక్కపెట్టే అలవాటుతో మొదట అచ్చువేసిన ‘అయిదో మెట్టు’ ఇప్పుడు ఎవరికీ కనిపించదు. అందుకని పై మెట్టును ఒకటిగా తీసుకుని కిందికి లెక్కపెడుతూ, తాపీమేస్త్రి ప్రతి మెట్టు అంచునా అంకెలు చెక్కి ఎర్రరంగు నింపుతున్నారు. ఎర్రనీరు వచ్చేలోపు ఆ పని పూర్తయితే, అంకెలను గొట్టంతో మళ్లీ సరిచూసి పటాన్ని అచ్చుకు పంపుతాం.